ఉత్తర స్వీడన్ పల్లెల్లో పెట్రోలు, డీజిల్ పన్ను తగ్గించాలా, ఆ డబ్బుతో బస్సులు నడపాలా?

లిక్సెలె పల్లెవాసి:

ఉద్యోగాల కోసం వెస్టర్‌బొటెన్, నొర్‌బొటెన్ జిల్లాలకు వచ్చిన తెలుగు కుటుంబాల్లో కొన్ని పట్టణం దాటి పల్లెల్లో ఇళ్లు కొనుక్కున్నాయి. మాదీ అలాంటి కుటుంబమే. ఇల్లు చౌకగానే వచ్చింది. ఆ మిగిలిన డబ్బును కారు మింగేస్తోంది. మన వాళ్లు కలిసిన ప్రతిసారీ ఈ విషయం మీద వాదన మొదలై సగంలో ఆగిపోతుంది కాబట్టి ఇక్కడ తీరికగా మాట్లాడుకుందామని అడుగుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. సముద్రతీరానికి దూరంగా, లోతట్టున ఉన్న మునిసిపాలిటీల వారికి ఇంధన పన్ను తగ్గించాలి. లేదా కట్టిన పన్నులో కొంత తిరిగి ఇవ్వాలి.

ఇక్కడి దూరాలు మన ఊళ్లలో ఉన్నవారికి చెబితే నమ్మరు. నొర్‌బొటెన్ ఒక్క జిల్లాయే దాదాపు 98 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ మొత్తం 1.12 లక్షల చదరపు కిలోమీటర్లు. అక్కడ మూడున్నర కోట్ల మంది ఉంటే ఇక్కడ ఉన్నది రెండున్నర లక్షల మంది. ఇంత చోటులో ఇంత తక్కువ మంది ఉంటే దుకాణం నిలవదు, బడి నిలవదు, బంకు నిలవదు. అమ్మకం ఒక స్థాయి దాటిన బంకులన్నీ ఎథనాల్ లాంటి పునరుత్పాదక ఇంధనం కూడా అమ్మి తీరాలని 2006లో చట్టం వచ్చింది. కొత్త పంపు ఖర్చు కూడా తోడై ఆ తర్వాతి ఏళ్లలో చిన్న బంకులు ఎన్నో మూతపడ్డాయి. ఇప్పుడు మేము పెట్రోలు పోయించుకోవడానికి కూడా పెట్రోలు కాల్చుకుంటూ వెళ్లాలి.

దానికి తోడు చలికాలం ఖర్చులు. శీతాకాలపు రోడ్డు పరిస్థితి ఉన్నప్పుడు డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి, అంటే ప్రతి కారుకు రెండు సెట్ల టైర్లు. మైనస్ పాతికలో బండి కదలాలంటే ఇంజన్ హీటర్‌కు కరెంటు పెట్టి గంటల ముందు నుంచే వేడి చేయాలి. లోతట్టు మునిసిపాలిటీల వారికి వాహన పన్నులో చాలా కాలం ఇచ్చిన తగ్గింపు ఏడాదికి 384 క్రోన్లు. ఒక్క మంచి టైరు కూడా రాదు ఆ డబ్బుకు.

ఊమియో పరిశోధకురాలు:

మీ ఇబ్బంది నిజమేనండి. మీరు చెప్పిన మందు మాత్రం ఆ జబ్బుకు కాదని నా నమ్మకం.

లీటరు మీద పన్ను తగ్గిస్తే ఎక్కువ లీటర్లు కాల్చేవారికి ఎక్కువ లాభం. వాళ్లెవరు? పెద్ద బండి కొనగలిగినవారు, రెండు కార్లున్నవారు. పింఛను మీద బతుకుతూ వారానికి ఒక్కసారి దుకాణానికి వెళ్లే ముసలాయనకు మిగిలేది కాఫీ డబ్బులు. కారే లేని వారికి ఏమీ లేదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. డీజిల్‌లో జీవ ఇంధనం ఎంత కలిపి ఉద్గారాలు తగ్గించాలో చెప్పే నిబంధన ఉంది కదా, 2023 వరకు అది 30.5 శాతం. 2024 జనవరి 1 నుంచి దాన్ని 6 శాతానికి దించారు. డీజిల్ ధర దేశమంతటా బాగా పడిపోయింది. లాభం ఉత్తరానికే కాదు, స్టాక్‌హోమ్ శివార్ల వాళ్లకూ వచ్చింది. అందువల్ల మీ ఊరికి ఒక బస్సు కొత్తగా వచ్చిందా? మూతపడిన బంకు తెరుచుకుందా?

పైగా ఉద్యోగానికి వెళ్లే దూరానికి పది కిలోమీటర్లకు 25 క్రోన్ల చొప్పున పన్ను లెక్కించే ఆదాయంలో మినహాయింపు ఇప్పటికే ఉంది. 2023లోనే 18.50 నుంచి పెంచారు. బస్సు ఉన్నచోట ఆ మినహాయింపు రావాలంటే కారు వల్ల రోజుకు రెండు గంటలైనా ఆదా అవుతోందని చూపించాలి. అంటే బస్సు ఎంత అధ్వానంగా నడిస్తే ప్రభుత్వం కారుకు అంత డబ్బు ఇస్తోంది. ఆ డబ్బే బస్సుకు పెడితే ఏమవుతుందో ఎవరూ లెక్క వేయడం లేదు.

ఇక్కడి బస్సును తక్కువ చేయకండి. ఉత్తరాన బస్సులు మనుషులతో పాటు సరుకూ మోస్తాయి. మన ఆర్టీసీ పార్సిళ్ల లాగే ట్రాక్టర్ విడిభాగం, మందుల పెట్టె, టైర్లు అన్నీ అందులోనే వస్తాయి. ఆ బస్సు ఆగిపోతే కారున్న మీరు కూడా నష్టపోతారు.

లిక్సెలె పల్లెవాసి:

బస్సు మీద నాకు కోపం లేదు, లేని బస్సును నమ్ముకోలేను. మా దారిలో ఉదయం ఒకటి, మధ్యాహ్నం తర్వాత ఒకటి. బడిపిల్లల కోసం నడిచేవి కాబట్టి బడి సెలవులైతే అవీ ఉండవు. షిఫ్టు రాత్రి పదింటికి అయిపోయేవాడు ఏం చేయాలి?

2024 జనవరి మొదటి వారం గుర్తుందా? జనవరి 3న క్విక్యోక్ దగ్గర మైనస్ 43.6 నమోదైంది. ఊమియోకు ఉత్తరాన రైళ్లు రోజుల తరబడి రద్దయ్యాయి. అప్పుడు ఇళ్లకు వెళ్లి ముసలివారికి మందులు ఇచ్చినవాళ్లు, పశువుల కొట్టాలు చూసుకున్నవాళ్లు, నీటి పంపులు బాగు చేసినవాళ్లు అందరూ కార్లలోనే వెళ్లారు. ప్రజా రవాణా ముందు ఆగిపోయేది మాకు దాని అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రోజునే.

యొక్‌మొక్ నర్సు:

ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే పని నాది. పగలంతా కారులోనే ఉంటాను కాబట్టి నాకు చెప్పవలసింది చాలా ఉంది, కొంచెం ఓపిక పట్టండి.

ముందు బండి నడపడం గురించి. డిసెంబరులో మా దగ్గర సూర్యుడు ముఖం చూపించడు అనే చెప్పాలి. మధ్యాహ్నం కాసేపు నీలం వెలుతురు, తర్వాత చీకటి. రెయిన్‌డీర్లు లోతు మంచులో నడవలేక, మంచు తోసి చదును చేసిన రోడ్డు మీదికి వస్తాయి. మందలు దగ్గరలో ఉన్నాయని హెచ్చరించడానికి ఇక్కడి ఆదివాసులైన సామీ కాపరులు రోడ్డు పక్క కర్రలకు నల్ల ప్లాస్టిక్ సంచులు కడతారు. కొత్తగా వచ్చిన మన వాళ్లు అది చెత్త అనుకొని అదే వేగంతో వెళ్లిపోతుంటారు. దయచేసి గుర్తు పెట్టుకోండి, నల్ల సంచి కనిపిస్తే కాలు బ్రేకు మీదికి రావాలి. తగిలితే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయాలి, చోటు గుర్తు పెట్టాలి. అది చట్టం. ఆ జంతువు ఒక కుటుంబం జీవనాధారం కూడా.

కారు ముందు అదనపు లైట్ల వరుస చూసి దక్షిణం వాళ్లు షోకు అనుకుంటారు. మామూలు హెడ్‌లైటు అందని దూరంలో మూస్ దుప్పి నిలబడి ఉంటుంది. దాని కాళ్లు పొడవు, బరువంతా పైన. గుద్దితే బానెట్ మీద పడదు, నేరుగా అద్దంలోంచి లోపలికి వస్తుంది. ఆ లైట్లు మాకు ప్రాణం. వెనక సీటులో దుప్పటి, పార, తాడు, టార్చి, ఉన్ని చేతితొడుగులు ఎప్పుడూ ఉంటాయి. బండి మంచులో దిగబడి ఇంజన్ నడుస్తూ ఉంటే ముందు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తీయాలి, లేకపోతే విషవాయువు లోపలికే వస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. నేను చూసుకునేవారిలో చాలామంది ఒకప్పుడు ఎంత మంచులోనైనా బండి నడిపినవారే. తర్వాత కంటిచూపు తగ్గింది, లేదా మతిమరుపు మొదలైంది. ఇక్కడ రోగి బండి నడపడానికి తగడని తేలితే డాక్టరు రవాణా శాఖకు తెలియజేయాలి. లైసెన్సు పోతుంది. ఆ రోజుతో ఆ మనిషి లోకం వాకిలి దగ్గర ఆగిపోతుంది. కారు పెరట్లోనే ఉంటుంది, దాని మీద మంచు పడుతూ ఉంటుంది. లిక్సెలె గారూ, పెట్రోలు ఉచితంగా ఇచ్చినా అలాంటి ముసలమ్మకు ఉపయోగం లేదు. ఊమియో గారూ, రోజుకు పది బస్సులు పెట్టినా ఆమె ఇంటి నుంచి బస్టాపు దాకా జారుడు మంచు మీద నడవలేదు.

నిజంగా పనికొచ్చేది ముందుగా ఫోన్ చేసి పెట్టుకుంటే బస్సు టికెట్ ధరకే ఇంటి ముందుకు వచ్చే టాక్సీ. కొన్నిచోట్ల ఉంది. వారంలో ఏవో కొన్ని రోజులు, ఏవో కొన్ని వేళలు. దాన్ని రోజూ చేయమని అడగాలి. పన్ను తగ్గింపుకు పోయే డబ్బులో చిన్న ముక్క దానికి చాలు.

స్టాక్‌హోమ్ వాసి:

కఠినంగా అనిపిస్తే క్షమించండి. అద్దె భరించలేక నగరంలో ఒక గది ఇంట్లో పిల్లలతో ఉండేవాళ్లం మేము. మీకు పెద్ద ఇల్లు, తోట, చెరువు ఉన్నాయి. దూరాన ఉండటం మీరు ఎంచుకున్నదే కదా. దాని ఖర్చు మా పన్నుల్లోంచి ఎందుకు?

లిక్సెలె పల్లెవాసి:

మీ కష్టం నాకు తెలుసు, నేనూ అక్కడ ఉన్నాను. అయితే మీ గదిలో వెలిగే దీపం సంగతి ఆలోచించండి. దేశంలో అతి పెద్ద జలవిద్యుత్ కేంద్రం హర్స్‌ప్రొంగెట్ యొక్‌మొక్ మునిసిపాలిటీలో, లూలె నది మీద ఉంది. ఇనుప ఖనిజం కిరునా, యెల్లివరె గనులది. కలప మా అడవులది. ఆ ఆనకట్టలు, గనులు, అడవులు చూసుకునేవాళ్లు ఎక్కడో ఉండాలి కదా. వారిని దూరాన ఉంచేది ఆ పనే.

షెలెఫ్టియో ఇంజనీరు:

అందరూ లీటర్ల దగ్గరే ఆగిపోయారు. కరెంటు సంగతి మాట్లాడదాం.

2011 నవంబరులో స్వీడన్‌ను నాలుగు విద్యుత్ ధరల మండలాలుగా విడగొట్టారు. మన ఉత్తర మండలాలు రెండింటిలో ధర దక్షిణం కంటే సాధారణంగా తక్కువ. విద్యుత్ పన్నులో కూడా ఉత్తర మునిసిపాలిటీలకు యూనిట్‌కు 9.6 ఓరె (క్రోనులో నూరో వంతు ఓరె) తగ్గింపు ఉంది. అంటే మనం అడుగుతున్న ప్రాంతీయ తగ్గింపు ఇప్పటికే ఉంది, పెట్రోలు మీద కాదు, కరెంటు మీద. ఇక ప్రతి ఇంటి ముందు ఇంజన్ హీటర్ కోసం పాతిన కరెంటు స్తంభం ఎలాగూ ఉంటుంది. పది ఆంపియర్ల సాకెట్ నుంచి గంటకు దాదాపు రెండు యూనిట్లు తీసుకున్నా రాత్రంతా పెడితే ఇరవై పైచిలుకు. చలిలో కూడా ఎనభై, వంద కిలోమీటర్లకు సరిపోతుంది. పాత వైరింగు మీద గంటల తరబడి అంత లోడు పెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవడం మాత్రం మరవకండి.

పక్కనున్న నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో 88.9 శాతం పూర్తి విద్యుత్ కార్లే. అక్కడ చలి మనకంటే తక్కువేమీ కాదు, ఫిన్‌మార్క్ పీఠభూమి చలి ఎలాంటిదో మీకు తెలుసు. పొద్దున ఇంట్లోంచే ఫోనులో నొక్కితే బండి లోపల వెచ్చబడి, అద్దం మీద మంచు కరిగి సిద్ధంగా ఉంటుంది. ఇంజన్ స్టార్టు అవుతుందో లేదో అన్న భయం లేదు.

లిక్సెలె పల్లెవాసి:

విద్యుత్ కారు మంచిదే. నా మిత్రుల దగ్గర ఉంది, నడిపి చూశాను. మైనస్ ముప్పైలో సీటు వెచ్చగా ఉంచడానికే బ్యాటరీ చాలా పోతుంది. వెనక స్నోమొబైల్ ట్రైలరో, కట్టెల బండో తగిలిస్తే మిగిలిన దూరం సగానికి దగ్గరవుతుంది. మా దారిలో ఫాస్ట్ చార్జర్ల మధ్య దూరం ఎక్కువ. ఒకటి పాడైతే రెండోది అందదు.

అసలు అడ్డు కొనుగోలు ధర. విద్యుత్ కార్ల కొనుగోలుకు ఇచ్చిన ప్రోత్సాహకాన్ని స్వీడన్ 2022 నవంబరు 8న ఆపేసింది. అది ఉన్నంతకాలం ఎక్కువగా తీసుకున్నది నగరాల వారు, కంపెనీ కార్ల వారు. పల్లెలో నడిచేది పన్నెండేళ్ల పాత డీజిల్ బండి. చేతిలో ఉన్న ఆ బండికి డీజిల్ పోయించలేక ఇబ్బంది పడేవాడికి కొత్త బండి కొనుక్కోమని చెప్పడం సలహా కాదు. నార్వే 2001 నుంచి విద్యుత్ కార్ల మీద విలువ ఆధారిత పన్ను వేయకుండా ఆదుకుంది, ఖరీదైన వాటికి మాత్రమే 2023 నుంచి కొంత వేస్తోంది. అందుకే అక్కడ పాత విద్యుత్ కార్లు కూడా దండిగా దొరుకుతున్నాయి. మన దగ్గర ఆ పని సగంలో వదిలేశారు.

ప్రాంతాన్ని బట్టి ఇంధన పన్ను తగ్గించడం ఎక్కడా లేనిదీ కాదు. బ్రిటన్ 2012 నుంచి స్కాట్లండ్ దీవుల్లో లీటరుకు 5 పెన్నీలు తగ్గించింది. 2015లో ప్రధాన భూభాగంలోని కొన్ని మారుమూల చోట్లకూ విస్తరించింది. వాళ్లు చేయగలిగింది మనకెందుకు కుదరదు?

ఊమియో పరిశోధకురాలు:

ఆ తగ్గింపు బంకు ద్వారా అందుతుంది. బంకే మూతపడిందని మీరే రాశారు. అలాంటప్పుడు పన్ను తగ్గించడం కంటే చివరి బంకును నిలబెట్టడానికి నేరుగా డబ్బివ్వడం మేలు కాదా? దీనికి జవాబు కావాలి.

సొలెఫ్టియో నుంచి ఒక తల్లి:

మొదటిసారి రాస్తున్నాను. చదువుతూ ఉండగా మీరందరూ కారు ఉన్నవారి గురించో, నడపడం మానేసినవారి గురించో మాట్లాడుతున్నారని అనిపించింది. కారు వాకిట్లో ఉండి, నడపడం వచ్చి కూడా నడపకూడని వారు ఉన్నారు. నేను వారిలో ఒకదాన్ని.

గుంటూరులో నేను ఏళ్ల తరబడి కారు నడిపాను. ఇక్కడ నివాసం నమోదయ్యాక భారతీయ లైసెన్సు ఒక ఏడాదే చెల్లుతుంది. తర్వాత మొదటి నుంచి రావాలి: రాత పరీక్ష, రోడ్డు పరీక్ష, రెండు విడతల ప్రమాద శిక్షణ. అందులో ఒకటి జారుడు నేల మీద బండిని అదుపు చేయడం. ఆ శిక్షణ అవసరమే, నేను కాదనను. మంచు మీద బ్రేకు వేస్తే ఏమవుతుందో గుంటూరు రోడ్లు నేర్పవు. కానీ డ్రైవింగ్ స్కూలుకు వెళ్లడానికి బస్సు వేళ కుదరదు, క్లాసుకు అయ్యే డబ్బు భయపెడుతుంది, మా వారు గనిలో పనికి వెళ్లి రోజుల తరబడి ఇంట్లో ఉండరు.

మా ఊరి ఆసుపత్రిలో కాన్పుల వార్డును 2017లో మూసేశారు. దగ్గరి కాన్పు ఆసుపత్రి ఊర్న్‌షల్డ్స్‌విక్ గానీ, సుండ్స్వాల్ గానీ. వంద కిలోమీటర్ల పైమాట, పడమటి ఊళ్ల వారికి ఇంకా ఎక్కువ. ఆ ఏడాది మంత్రసానులు గర్భిణులకు, వారి భర్తలకు దారిలో కారులోనే కాన్పు అయితే ఏం చేయాలో తరగతులు పెట్టి నేర్పారు. ఇది ప్రపంచమంతా వార్తయింది. ఇక్కడ ఉండేవారికి అది వార్త కాదు, ఇప్పటికీ అదే దారి.

నాకు నెలలు నిండుతున్నాయి. కారులో పెట్రోలు ఉంది, నడిపేవారు లేరు. అందుకే అడుగుతున్నాను, ఈ చర్చలో లైసెన్సు మాట ఎందుకు రాలేదు? పన్ను తగ్గించినా, విద్యుత్ కారుకు డబ్బిచ్చినా అది స్టీరింగ్ ముందు కూర్చోగలిగినవారికే. మా ఇంటికి అది నా భర్తకే. మన కుటుంబాల్లో ఎన్ని ఇళ్లలో లైసెన్సు ఒక్కరికే ఉందో ఆలోచించండి.

యొక్‌మొక్ నర్సు:

అమ్మా, ముందు నీ సంగతి. నొప్పులు మొదలైతే ఎవరి కారు కోసమూ చూడకు. 112కు ఫోన్ చెయ్యి. మీ మంత్రసానికి ఇప్పుడే చెప్పి ఉంచు, దూరం ఉన్నవారికి ఆసుపత్రి దగ్గర బస గురించి అడుగు. పక్కింటివారికీ చెప్పు. ఇక్కడి వాళ్లు తమంతట తాము వచ్చి అడగరు, మనం అడిగితే అర్ధరాత్రయినా బండి తీస్తారు.

షెలెఫ్టియో ఇంజనీరు:

లైసెన్సుకు ఖర్చు తగ్గించే దారి ఒకటి ఉందండి. డ్రైవింగ్ స్కూలులోనే నేర్చుకోవాలని లేదు. 24 ఏళ్లు నిండి, గత పదేళ్లలో కనీసం అయిదేళ్లు లైసెన్సు ఉన్నవారు అనుమతి తీసుకొని నేర్పవచ్చు. నేర్చుకునేవారు, నేర్పేవారు ఇద్దరూ ముందుగా ఒక పరిచయ తరగతికి హాజరు కావాలి. ప్రమాద శిక్షణ మాత్రం బయట తప్పదు. మన వాళ్లలో ఆ అర్హత ఉన్నవారు చాలామందే ఉంటారు.

లిక్సెలె పల్లెవాసి:

సొలెఫ్టియో చెల్లెమ్మా, మీరు రాసింది చదివాక నా భార్య నన్ను అడిగిన మొదటి మాట, "మీరు ఊరెళ్తే నేనెలా?" అని. ఆమెకూ లైసెన్సు లేదు. నేను అర్హుణ్ణే కాబట్టి పరిచయ తరగతికి ఇద్దరి పేర్లూ ఇస్తున్నాం.

ఊమియో గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. బంకును నిలబెట్టడానికి డబ్బివ్వాలి, అది ముందు. తర్వాత లీటరు మీద కాకుండా, లోతట్టు మునిసిపాలిటీలో నివసించే ప్రతి పెద్దవారికీ ఏటా ఒకే మొత్తం ఇవ్వమందాం. పెద్ద బండి వాడికీ అంతే, నర్సు గారు చెప్పిన, లైసెన్సు పోయిన ముసలమ్మకూ అంతే. ఆమె దాన్ని టాక్సీకి వాడుకుంటుంది, నేను డీజిల్‌కు వాడుకుంటాను. అప్పుడు మీ అభ్యంతరం ఏమిటి?

ఊమియో పరిశోధకురాలు:

అలా అయితే సగం ఒప్పుకుంటాను. మిగతా సగం బస్సు సంగతి. డబ్బు చేతికిస్తే సాయంత్రం బస్సు దానంతట అది పుట్టదు. టైంటేబుల్ వేసేది ప్రాంతీయ ప్రభుత్వం. ఎక్కేవారు లేరు కాబట్టి బస్సు లేదంటుంది, బస్సు లేదు కాబట్టి ఎక్కేవారు లేరని మనం అంటాం. ఎవరు, ఏ ఊరి నుంచి, ఏ వేళకు ఎక్కుతారో రాసి ఇస్తే ఆ మాట అనలేరు. ఆ కాగితం నేను తయారు చేస్తాను. వివరాలు పంపండి.

లిక్సెలె పల్లెవాసి:

మా దారిలో కావలసింది రాత్రి పదింటి షిఫ్టు తర్వాత లిక్సెలె నుంచి పడమటికి ఒక బస్సు, వారానికి అయిదు రోజులు. సెలవుల్లో కూడా. రంపపు మిల్లులో నాతో పనిచేసేవారిలో ఎవరెవరు ఎక్కుతారో అడిగి పంపుతాను. బంకు సంగతి, ఏటా ఇచ్చే మొత్తం సంగతి కూడా ఆ కాగితంలోనే రాయండి. అవి లేకుండా నేను సంతకం పెట్టను.